ఫొటో కింద కిలోమీటర్లు ఒక్కటే చాలవు

సంపాదకులకు నమస్కారం.

ఎడారులు, కొండలు, నదుల వెంబడి సాగే అందమైన పరుగుదారుల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన ఫొటో కథనం చూశాం. ఫొటోలు చాలా బాగున్నాయి. అలాంటివి చూసే చాలామంది మొదటిసారి తారురోడ్డు వదిలి మట్టిదారి పడతారు, కాబట్టి ఇలాంటి కథనాలు ఇంకా రావాలి. అయితే ప్రతి దారి కిందా మీరు వేసిన వివరం ఒక్కటే: ఇన్ని కిలోమీటర్లు. రోడ్డు మీద పరిగెత్తేవాళ్లకు అది సరిపోతుంది. ట్రెయిల్ మీద, అంటే మట్టిదారుల్లో, కొండదారుల్లో, ఆ ఒక్క అంకెను నమ్ముకుని వెళ్లినవాళ్లే ఎక్కువగా ఇరుక్కుంటారు. ఎందుకు ఇరుక్కుంటారో, ఆ అంకె పక్కన ఇంకేం వేయాలో చెప్పడానికే ఈ ఉత్తరం.

మొదటిది, ఎక్కాల్సిన ఎత్తు. 20 కిలోమీటర్ల దారిలో మొత్తం 200 మీటర్లు ఎక్కడం ఒక రకం, 1,500 మీటర్లు ఎక్కడం పూర్తిగా మరో రకం. అంతర్జాతీయ ట్రెయిల్ రన్నింగ్ సంఘం దీనికి వాడే లెక్క చాలా తేలిక. ఎక్కే ప్రతి 100 మీటర్లకూ ఒక కిలోమీటరు కలుపుకోవాలి. అంటే 1,500 మీటర్ల ఎత్తున్న 20 కిలోమీటర్ల దారి శ్రమలో 35 కిలోమీటర్లతో సమానం. రోడ్డు మీద కిలోమీటరుకు ఆరు నిమిషాలు తీసుకునే మనిషికి అక్కడ రెండు గంటలు కాదు, మూడున్నర గంటలు పడుతుంది. రాళ్లు, ఇసుక, తప్పిపోయిన మలుపులు దీని మీద అదనం. నడిచేవాళ్ల కోసం స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లోనే ఇలాంటి లెక్క ఇచ్చారు: గంటకు 3 మైళ్లు, ఎక్కే ప్రతి 2,000 అడుగులకు ఇంకో గంట. ఇంత పాత, ఇంత తేలికైన లెక్క ఉండగా ప్రయాణ కథనాల్లో అది కనిపించకపోవడం మాకు బాధగా ఉంటుంది.

ఎడారి, కొండ, నది మూడూ ఒకేచోట కలిసే దారి ఒకటి చెప్తాం. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో దక్షిణ అంచు నుంచి కొలరాడో నది వైపు దిగే బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్. అడుగున ఉన్న క్యాంపుగ్రౌండ్ దాకా సుమారు 15 కిలోమీటర్లు, దిగేది దాదాపు 1,330 మీటర్లు. మామూలు కొండ మీద ముందు ఎక్కుతాం, అలసిపోతే వెనక్కి దిగిపోతాం. ఇక్కడ అంతా తలకిందులు. తేలికైన సగం ముందు వస్తుంది, కష్టమైన సగం కాళ్లు అరిగాక మొదలవుతుంది. పై లెక్క ప్రకారం చూస్తే వెళ్లేటప్పుడు 15 కిలోమీటర్ల దారి వచ్చేటప్పుడు 28 కిలోమీటర్ల పైమాటే. పైగా కిందికి దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. వేసవిలో అడుగున 49 డిగ్రీల దాకా వెళ్లే రోజులుంటాయి. ఉదయం ఏడింటికి బయల్దేరినవాళ్లు తొమ్మిదిన్నరకు నది చూసి, కాసేపు కూర్చుని, పదిన్నరకు తిరుగుముఖం పడితే, ఎండ నడినెత్తికెక్కే వేళకు ఎక్కడం మొదలుపెట్టినట్టు. వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా లోపలి దారుల మీద ఉండవద్దని, అంచు నుంచి నదికి వెళ్లి ఒక్కరోజులో తిరిగి రావాలని చూడవద్దని పార్కువాళ్లు గట్టిగా చెప్పేది ఇందుకే. పక్కనే ఉన్న సౌత్ కైబాబ్ ట్రెయిల్ ఇంకా పొట్టిది, 11 కిలోమీటర్ల పైచిలుకు. కానీ ఆ దారి పొడవునా చుక్క నీరు దొరకదు, నీడ కూడా తక్కువే. కిలోమీటర్లు మాత్రమే చూసే పాఠకుడు పొట్టిదే సులువనుకుంటాడు.

దిగుడు గురించి ఇంకో మాట. దిగేటప్పుడు ఆయాసం రాదు కాబట్టి చాలామంది అదుపు లేకుండా పరిగెడతారు. కానీ అప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే బరువును ఆపాలి, కండరం దెబ్బతినేది ఆ పనిలోనే. నొప్పి అదే రోజు తెలియదు, ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదురుతుంది. చిన్న అడుగులు వేయాలి, చూపు మూడు నాలుగు మీటర్ల ముందుండాలి. నడుము వెనక్కి వాల్చి మడమతో బ్రేకు వేస్తే గులకరాళ్ల మీద జారి కూర్చోవడం ఖాయం. పెద్ద దారికి ముందు కొన్ని వారాలపాటు వారానికొకసారి చిన్న వాలు మీద దిగుడు సాధన చేస్తే, కండరం అలవాటుపడి అసలు రోజున అంత దెబ్బతినదు.

రెండోది, నీళ్లు. దారి మొత్తం పొడవు కంటే ఒక నీటి చోటుకూ తర్వాతిదానికీ మధ్య ఎంత దూరమన్నదే ముఖ్యం. 14 కిలోమీటర్లు ఉందనుకోండి. ఎగుడుదిగుడు దారిలో గంటకు 6 కిలోమీటర్ల లెక్కన 2 గంటల 20 నిమిషాలు పడుతుంది. గంటకు 700 మిల్లీలీటర్ల చొప్పున లీటరుంబావు చాలదు, లీటరున్నర దాటుతుంది. ఆ పైన అర లీటరు ఆపద కోసం. మొత్తం రెండు లీటర్ల పైనే మోయాలి. ఈ 700 అందరికీ ఒకేలా ఉండదు. ఎవరికి వాళ్లు కొలుచుకోవచ్చు: బట్టల్లేకుండా బరువు చూసుకుని, అదే ఎండలో ఒక గంట పరిగెత్తి, తుడుచుకుని మళ్లీ చూసుకోవాలి. తగ్గిన ప్రతి కిలోకూ ఒక లీటరు చెమట, మధ్యలో తాగింది దానికి కలపాలి.

అలాగని తాగుతూనే ఉండటమూ ప్రమాదమే. ఉప్పు లేని నీళ్లు దాహానికి మించి గంటల తరబడి తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మంది రన్నర్లలో 13 శాతం మందికి సోడియం ఉండాల్సినదానికంటే తక్కువగా తేలింది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవాళ్లలో ఇది ఎక్కువ. తలనొప్పి, వాంతి, తికమక, వేళ్ల వాపు కనిపిస్తే వడదెబ్బేమోనని ఇంకా నీళ్లు పట్టిస్తారు, దాంతో పరిస్థితి విషమిస్తుంది. దాహాన్ని బట్టి తాగడం, గంటల పరుగులో ఉప్పు కూడా తీసుకోవడం మంచి పద్ధతి. నిజంగా వడదెబ్బే అయితే, అంటే ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే, ఆసుపత్రికి మోసుకెళ్లే ముందు ఉన్నచోటే చల్లబరచాలి. నీడలో పడుకోబెట్టి, బట్టలు తడిపి, గాలి విసరాలి. తాగడానికి దాచిన నీళ్లయినా సరే, అప్పుడు ఒంటి మీద పోయడమే వాటి సరైన వాడకం.

ఇసుక సంగతి. పొడి ఇసుకలో పరిగెత్తడానికి గట్టినేల మీద కంటే దాదాపు 1.6 రెట్ల శక్తి కావాలి. తిన్నెకు గాలి తగిలే వైపు ఇసుక బిగిసి ఉంటుంది, గాలి చాటు వైపు 30 డిగ్రీలు దాటిన వాలుతో వదులుగా జారుతుంది. ఎక్కడానికి మొదటి వైపు, దిగడానికి రెండో వైపు. షూ పైభాగంలోని జాలీ గుండా సన్న ఇసుక లోపలికి దూరి, చెమటతో కలిసి, గంటలోపే వేళ్ల పక్కన చర్మాన్ని గీకేస్తుంది. ఇసుక దూరకుండా షూ మీద తొడిగే గుడ్డ తొడుగులను గేటర్లంటారు. చీలమండను మాత్రమే కప్పే గేటర్లు ఇక్కడ పనికిరావు, షూ మొత్తాన్ని కప్పేవి కావాలి. వాటిని పట్టి ఉంచే వెల్‌క్రో పట్టీని అంచు చుట్టూ కుట్టించుకోవాలి. జిగురుతో అంటిస్తే ఎండకు మెత్తబడి ముందు బొటనవేలి దగ్గరే ఊడుతుంది, ఇసుక ఎక్కువగా దూరేది కూడా అక్కడే. వేడికి పాదాలు ఉబ్బుతాయి కాబట్టి షూ అర సైజు పెద్దది తీసుకోవాలి. వీపు మీద హైడ్రేషన్ బ్లాడర్ (గొట్టంతో తాగే నీటి తిత్తి) వాడేవాళ్లు తాగిన ప్రతిసారీ గొట్టంలోకి గాలి ఊది మిగిలిన నీటిని తిత్తిలోకి నెట్టేయాలి. లేకపోతే తర్వాతి గుక్క వేడినీళ్లే. గొట్టం చివర కొరికి తాగే మూతికి తొడుగు లేకపోతే ఇసుక పట్టి కారుతుంది, మోసిన నీళ్లు వీపు మీదే ఖర్చవుతాయి.

మూడోది, మీ కథనంలో అస్సలు లేనిది, దారికి అడ్డంగా వచ్చే నీళ్లు. ఒక ఫొటోలో రన్నరు వాగులో నీళ్లు చిమ్ముతూ దూకుతున్నాడు. చూడ్డానికి బాగుంది, కానీ వాగు దాటే తీరు అది కాదు. నీటి వేగం రెట్టింపైతే కాళ్ల మీద పడే తోపు నాలుగింతలవుతుంది. మోకాలు దాటిన వేగమైన నీరు మనిషిని పడదోయగలదు. ముందు ఆగి వినాలి. అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు వస్తే దాటకూడదు. నీళ్లు బురద రంగులోకి మారుతున్నా, కొమ్మలు కొట్టుకొస్తున్నా అంతే. సన్నగా, మలుపు తిరిగేచోట కాకుండా, వాగు వెడల్పై పాయలుగా విడిపోయినచోట దాటాలి, లోతు అక్కడే తక్కువ. దిగువన జలపాతమో, కొట్టుకొచ్చిన చెట్టో ఉంటే ఆ చోటు వదిలేయాలి. వీపుసంచి ఛాతీ పట్టీ, నడుము పట్టీ ముందే విప్పుకోవాలి. పడితే సంచి వదిలించుకోగలగాలి, లేకపోతే అదే ముంచుతుంది. షూ విప్పకూడదు. కర్రను ఎగువ వైపు ఆనించి, మొహం ఎగువకు పెట్టి, ఒకసారి ఒక్క కాలే కదుపుతూ పక్కకు జరగాలి. దాటాక సాక్సు పిండుకుని వేసుకోవాలి. నానిన పాదానికి తొందరగా బొబ్బలొస్తాయి.

మంచు కరిగి వచ్చే వాగుల్లో తెల్లవారుజామున నీరు తక్కువ, మధ్యాహ్నం దాటాక ఎక్కువ. పొద్దున దాటిన వాగు సాయంత్రం దాటనివ్వకపోవచ్చు. ఎడారి ఇరుకు లోయల్లో ఇంకో ప్రమాదం ఉంది. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని ఆంటిలోప్ కాన్యన్‌లో 11 మంది ఆకస్మిక వరదకు కొట్టుకుపోయారు. వాళ్ల నెత్తిన చెప్పుకోదగ్గ వాన లేదు, ఎగువన మైళ్ల అవతల కురిసిన వాన వాళ్లను ముంచింది. అందుకే అలాంటి దారికి వాతావరణం చూసేటప్పుడు మనముండే చోటుది కాదు, ఆ లోయలోకి నీరు దిగే ప్రాంతమంతటిదీ చూడాలి. అమెరికాలో అనుభవజ్ఞులు పరిగెత్తే వెస్టర్న్ స్టేట్స్ 100 మైళ్ల పందెంలో కూడా అమెరికన్ నదిని రకీ చకీ దగ్గర కట్టిన తాడు పట్టుకునే దాటిస్తారు. ప్రవాహం ఎక్కువున్న ఏళ్లలో రాఫ్టుల మీద తీసుకెళ్తారు.

కొండల మీద జాగ్రత్తలు చాలామందికి తెలిసినవే కాబట్టి క్లుప్తంగా రాస్తాం. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. తడి, గాలి కలిస్తే ఎండాకాలంలోనూ ఒంట్లో వేడి నిలవదు. 2021 మే 22న చైనాలోని గాన్సులో ఎల్లో రివర్ దగ్గర రాతికొండల్లో జరిగిన 100 కిలోమీటర్ల పరుగులో 172 మందికి గాను 21 మంది చలికి చనిపోయారు. మధ్యాహ్నానికి వడగళ్లు, గడ్డకట్టించే వాన, ఈదురుగాలి మొదలయ్యాయి. చాలామంది ఒంటి మీద టీషర్టు, నిక్కరు తప్ప ఏమీ లేవు. తప్పనిసరి సామాన్ల జాబితాలో గాలిని ఆపే జాకెట్ లేదు. ఆల్ప్స్‌లోని మాంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ జరిగే యూటీఎంబీ పరుగులో మాత్రం కుట్ల మీద టేపు అంటించిన, 10,000 మిల్లీమీటర్ల ఎత్తున నిలిచిన నీటి ఒత్తిడిని తట్టుకునే జాకెట్ లేనివాళ్లను పరిగెత్తనివ్వరు. ఆ జాకెట్ తడవకముందే వేసుకోవాలి, తడిశాక వేసుకుంటే సగం ప్రయోజనమే. విజిల్ ఉంటే నిమిషంలో ఆరుసార్లు ఊదడం ఆపద గుర్తు, విన్నవాళ్లు మూడుసార్లు ఊది జవాబిస్తారు.

మీ ఫొటోల్లో ఇంకొకటి మా కంటపడింది. ఒకదానిలో రన్నరు దారి వదిలి నల్లటి గరుకు మట్టి మీద నిలబడ్డాడు. అమెరికాలోని యూటా లాంటి చోట్ల ఎడారుల్లో ఆ నల్లటి పొర సూక్ష్మజీవులు, నాచు, లైకెన్లు కలిసి అల్లిన బతికున్న పొర. ఇసుక ఎగిరిపోకుండా పట్టి ఉంచేది అదే. ఒక్క అడుగు ముద్ర మానడానికి ఏళ్లు, కొన్నిచోట్ల దశాబ్దాలు పడుతుంది. కొండదారి వంకరలను అడ్డంగా కోసుకుంటూ దిగితే ఆ గీత వెంట వాననీరు దిగి దారినే కోసేస్తుంది. బురద గుంట వస్తే పక్కనుంచి కాదు, మధ్యలోంచే వెళ్లాలి, లేకపోతే దారి ఏటేటా వెడల్పవుతుంది. అలాంటి ఫొటోలు దయచేసి వేయకండి. చూసినవాళ్లు అదే రాయి మీద, అదే మట్టి మీద నిలబడి ఫొటో దిగాలనుకుంటారు.

మేం అడిగేది పెద్ద పట్టిక కాదు. ప్రతి దారి కింద రెండు మూడు లైన్లు చాలు: మొత్తం ఎక్కాల్సిన ఎత్తు, కష్టమైన సగం ముందో వెనకో, నీటి చోట్ల మధ్య అన్నిటికంటే పెద్ద ఎడం, దాటాల్సిన వాగులు, మధ్యలో రోడ్డుకు బయటపడే దారి, వెళ్లకూడని నెలలు. నీటి చోటు గుర్తు పక్కన, అక్కడ నీళ్లున్నాయని చివరిసారి నిర్ధారించుకున్న తేదీ కూడా వేయండి. బ్రైట్ ఏంజెల్ దారిలో కుళాయిలున్నాయి గానీ, వాటికి నీళ్లు తెచ్చే పాత పైపులైను తరచూ పగులుతుంటుంది. చలికాలంలో కొన్ని కుళాయిలను కట్టేస్తారు కూడా. తేదీ తెలియకపోతే ఆ గుర్తు తీసేసి, అక్కడ నీళ్లు లేవన్నట్టే రాయండి. అప్పుడు పాఠకుడు ఇంటి దగ్గరే ఇంకో సీసా నింపుకుంటాడు.

ఇట్లు,
మీ పత్రిక చదివే ట్రెయిల్ రన్నర్లు