అంబాసిడర్ స్టీరింగ్ వంకర తీసిన భాయ్‌కి, ఇంకొందరికి

కడపలో రాయచోటి రోడ్డు వైపు రేకుల షెడ్డులో పాత బండ్లు చేసే భాయ్‌కి ముందుగా ఒక దండం. పేరు, ఫోన్ నంబరు రాయొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. పాత అంబాసిడర్లు, జీపులు నడిపేవాళ్లకు ఆయనెవరో ఇప్పటికే అర్థమై ఉంటుంది.

మా నాయన వాడిన మార్క్ 4 అంబాసిడర్ ఇప్పుడు నా దగ్గరుంది. ముందు చక్రాల టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ రాడ్లను చక్రాలకు కలిపే కీళ్లు) రెండూ అరిగిపోతే ఒకచోట కొత్తవి వేయించి, అక్కడే అలైన్‌మెంట్ కూడా చేయించాను. కంప్యూటర్ తెర మీద అంతా పచ్చగానే కనిపించింది. తీరా రోడ్డెక్కితే బండి నేరుగా పోతోంది కానీ స్టీరింగ్ మాత్రం ఒక పక్కకు వాలి ఉంది. మళ్లీ తీసుకెళ్తే "టో కరెక్ట్‌గానే ఉంది సార్, పాత బండి కదా, అట్లే ఉంటాది" అని పంపించేశారు. టో అంటే ముందు చక్రాలు రెండూ లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్న లెక్క. ఇంకో తేడా కూడా వచ్చింది. మా వీధి చివర ఒక పక్కకు తిప్పితే బండి ఒకే ఊపులో తిరిగేది, రెండో పక్కకు తిప్పితే రివర్స్ వేయక తప్పేది కాదు.

అడిగినవాళ్లూ అడగనివాళ్లూ చెప్పిన సలహా ఒక్కటే: స్టీరింగ్ మధ్యలో నట్టు విప్పు, చక్రం పైకి లాగు, రెండు పళ్లు జరిపి మళ్లీ కూర్చోబెట్టు. పది నిమిషాల పని. దీనికి అడ్డుపడింది మా పక్కింటి చిన్నాయన. ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైరయ్యారు. "ఎవురూ చక్రం ముట్టుకోకముందే భాయ్ కాడికి పోదాం పద నాయనా" అని, మధ్యాహ్నం నిద్ర మానుకుని మరీ నాతో వచ్చారు. చిన్నాయనా, ఆ పూట నువ్వు రాకపోతే నేను ఆ నట్టు విప్పించేసేవాణ్ని.

భాయ్ ముందు స్పానర్ పట్టుకోలేదు. జాకీ వేసి, ముందు చక్రాలను పైనా కిందా పట్టుకుని ఊపి, లూజు ఎక్కడైనా ఉందేమో చూశారు. తర్వాత స్టీరింగ్‌ని ఒక కొసకు పూర్తిగా తిప్పి, అక్కణ్నుంచి రెండో కొస వరకు ఎన్ని చుట్లు వస్తాయో లెక్కపెట్టుకుని, సరిగ్గా సగంలో ఆపారు. అక్కడ చూస్తే స్టీరింగ్ నిటారుగా ఉంది! ముందు చక్రాలు మాత్రం రెండూ ఒకే పక్కకు చూస్తున్నాయి. "చూసినావా అన్నా, పైన ఏం తప్పు లేదు. కింద రాడ్లే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయినాయి" అన్నారు.

అంబాసిడర్‌ది ర్యాక్ అండ్ పీనియన్ స్టీరింగ్. ర్యాక్ అంటే స్టీరింగ్ తిప్పితే అటూ ఇటూ జరిగే పళ్ల కడ్డీ; దాని రెండు కొసలా చక్రాలను తిప్పే టై రాడ్లు ఉంటాయి. కొత్త ఎండ్లు బిగించినప్పుడు కొలత చూసుకోకుండా, ఆ తర్వాత టో కోసం ఒక పక్క రాడ్డునే తిప్పితే, మొత్తం లెక్క సరిపోతుంది కానీ రెండు పక్కలా వాటా సమానంగా ఉండదు. బండి నేరుగా పోవాలంటే ర్యాక్ నడిమధ్య నుంచి పక్కకు జరిగి ఉండాల్సిందే. అందుకే స్టీరింగ్ వాలింది, అందుకే ఒక పక్క తక్కువ తిరిగింది. స్టీరింగ్ చక్రం పీకి జరిపి పెట్టి ఉంటే కంటికి నిటారుగా కనిపించేదేమో గానీ ర్యాక్ పక్కకు జరిగే ఉండేది, వీధి చివర నా తంటా అట్లే ఉండేది.

మిగతా పనిని పక్కన కూర్చోబెట్టుకుని మరీ చూపించారు. రాడ్ల పొడుగు మారకుండా పట్టి ఉంచే లాక్ నట్లకు ఆయిల్ పట్టించి, వైర్ బ్రష్‌తో మరలు శుభ్రం చేశారు. ఒక పక్క నాలుగు మరలు ఎక్కువే బయటికి కనిపిస్తున్నాయి. స్టీరింగ్ కదలకుండా సీటుకు, చక్రానికి మధ్య ఒక కర్ర ఇరికించారు. ర్యాక్ కొసలను కప్పే రబ్బరు తొడుగుల (బూట్ల) సన్నటి క్లిప్పులు ముందే వదులు చేశారు, లేకపోతే రాడ్డుతో పాటు బూటు కూడా మెలి తిరిగి చిరుగుతుందట. ఆ తర్వాత ఒక రాడ్డును ఎంత పొట్టి చేశారో రెండోదాన్ని అంతే పొడుగు చేశారు. ఇట్లా చేస్తే టో మారదు.

అయినా టో ఊరికే నమ్మలేదు. టైర్ల వెనక వైపు, యాక్సిల్ ఎత్తులో సుద్దముక్కతో గీతలు పెట్టి, రెండింటి మధ్య దూరం టేపుతో కొలిచారు. బండిని మెల్లగా ముందుకు తోసి, అవే గీతలు ముందు వైపుకు వచ్చాక మళ్లీ కొలిచారు. రిమ్ముకు కాస్త సొట్ట ఉన్నా ఈ కొలతలో తేడా రాదట. తోయడానికి షెడ్డు పిల్లలతో పాటు టీ అంగడి అన్న కూడా చేయి వేశాడు. అన్నా, నీకూ థాంక్స్.

ఒక బూటు పగిలి ఉందని చూసింది కూడా భాయే. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కదా, దొరుకుతుందో లేదో అని నాకు టెన్షన్. ఏడురోడ్ల దగ్గర స్పేర్ పార్ట్స్ అంగడాయన పై అరలన్నీ దించి వెతికి, క్లిప్పులతో సహా తీసిచ్చాడు. ఆయనకూ కృతజ్ఞతలు.

మరుసటి రోజు గువ్వలచెరువు ఘాట్ ఎక్కి దిగాను. మలుపు నుంచి బయటికి రాగానే స్టీరింగ్ తనంతట తానే నిటారుగా వచ్చి నిలబడుతోంది. పక్క సీట్లో చిన్నాయన నా చేతులకేసే చూస్తూ కూర్చున్నాడు. వస్తూ వస్తూ పాలకోవా కట్టించుకుని భాయ్ షెడ్డుకు పోతే, కోవా మనవళ్లకని పక్కన పెట్టి, ముందు లాక్ నట్లు మళ్లీ పట్టి చూశారు.

ఎవరికైనా ఇదే ఇబ్బంది ఉంటే ఉదయం పూటే పోండి, మధ్యాహ్నమైతే షెడ్డు ముందు జీపులు బారులు తీరి ఉంటాయి. కూలి దగ్గర బేరాలాడొద్దు, ఆయన అడిగేదే తక్కువ.