దరఖాస్తులో నువ్వు రాసిన మొదటి వాక్యం గురించి

చిరంజీవి బాబుకి అమ్మ ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన దరఖాస్తు నకలు నిన్న సాయంత్రం రెండుసార్లు చదివాను. ఆరేళ్లుగా ఉద్యోగం చేస్తూ పదకొండు మంది జట్టును నడుపుతున్నావు. ఇంకొక మెట్టు ఎక్కాలంటే పని తెలిసి ఉంటే చాలదనీ, ఆ పని చేసే మనుషుల వ్యవహారం కూడా పద్ధతిగా తెలియాలనీ నీ అంతట నువ్వే గ్రహించి, మానవ వనరుల నిర్వహణ చదవాలనుకోవడం నాకెంతో సంతోషంగా ఉంది. తప్పకుండా చదువు. అందులో నాకు రెండో మాట లేదు. అయితే ‘ఈ కోర్సులో ఎందుకు చేరదలిచారు?’ అన్న ప్రశ్న కింద నువ్వు రాసిన మొదటి వాక్యం, ‘నాకు మనుషులంటే ఇష్టం, వారితో మాట్లాడటం ఇష్టం’ అన్నది, నన్ను ముందుకు కదలనివ్వలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఒక కర్మాగారంలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ విభాగంలో పనిచేసిన దాన్ని కనుక, ఆ వాక్యం గురించే నీకీ ఉత్తరం రాస్తున్నాను.

నాకూ మనుషులంటే ఇష్టమే, బాబూ. ఉద్యోగంలో చేరిన మూడో ఏట, జీతాలిచ్చిన మర్నాడు, షిఫ్ట్ దిగిన ఒక లేత్ ఆపరేటర్ మా గది కిటికీ దగ్గరికి వచ్చాడు. జీతం చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. నూనె మరకలు పోని వేళ్లతో దాన్ని జాగ్రత్తగా విప్పి, ఏమీ మాట్లాడకుండా ఓవర్‌టైమ్ గడి మీద వేలు పెట్టి చూపించాడు. ఆ నెల అతను చేసింది 41 గంటలైతే చీటీలో 14 అని పడింది. నేను అతన్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పిల్లల చదువుల గురించి అడిగి, పై నెల జీతంలో తప్పకుండా కలిపిస్తానని చెప్పి పంపాను. పై నెల ఆ డబ్బు కలవలేదు, ఎందుకంటే నేను ఆ సంగతి ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ఆ తర్వాతి నెలా కలవలేదు. మూడు నెలలు గడిచాక, హాజరు పట్టికను జీతాల పుస్తకంతో సరిచూస్తున్న మా పెద్ద గుమాస్తాగారు ఆ 27 గంటల తేడా పట్టుకున్నారు. మళ్లీ వచ్చి ఎందుకు అడగలేదని అతన్ని పిలిచి అడిగితే, ‘మీరంత మర్యాదగా మాట్లాడారు కదమ్మా, మళ్లీ అడిగితే బాగుండదనుకున్నాను’ అన్నాడు.

నా ఆదరణే అతని నోరు కట్టేసింది. ఆ మాట విన్న రోజే కిటికీ పక్కన ఒక రిజిస్టరు పెట్టాను. ఫిర్యాదు వచ్చిన తేదీ, విషయం, చూడవలసిన మనిషి, తేల్చవలసిన గడువు, తేలిన తేదీ అని ఐదు గడులు గీసి, వచ్చిన ప్రతివారికీ వరుస సంఖ్య వేసిన చీటీ ఒకటి చేతికిచ్చేదాన్ని. చీటీ చేతిలో ఉన్న మనిషి మొహమాటపడకుండా మళ్లీ అడుగుతాడు. నువ్వు రెండేళ్లు చదవబోయేదంతా ఆ ఐదు గడులను పెద్దవి చేసి, లోతు చేసి చూపించేదేనని నా నమ్మకం.

ఈ విద్య పుట్టుకలో కూడా ఆదరణ, లెక్క అన్న ఈ రెండు పాయలూ కనిపిస్తాయి. 1913లో ఇంగ్లండులోని యార్క్ నగరంలో కర్మాగారాల సంక్షేమ ఉద్యోగులు కూడి ఒక సంఘం పెట్టుకున్నారు. కార్మికుల వసతి, ఆరోగ్యం, భోజనశాల చూసుకునే దయగల మనుషుల సంఘం అది. నేడు సీఐపీడీ అన్న పేరుతో ఈ వృత్తికి పట్టాలిచ్చే సంస్థగా ఎదిగింది అదే. ఆ సంఘం పుట్టడానికి రెండేళ్ల ముందే అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు పనిని స్టాప్‌వాచ్‌తో కొలిచి, ప్రతి కదలికకూ లెక్క కట్టాలన్న తన సిద్ధాంతాన్ని ప్రకటించాడు. ఒకవైపు కొలత లేని దయ, మరోవైపు దయ లేని కొలత. ఆ తర్వాత 1924 నుంచి 1932 వరకు షికాగో దగ్గర హాథార్న్ కర్మాగారంలో జరిగిన ప్రయోగాల గురించి నీకు మొదటి నెలలోనే పాఠం చెబుతారు. వెలుతురు పెంచితే ఉత్పత్తి పెరుగుతుందా అన్న చిన్న ప్రశ్నతో మొదలైన ఆ ప్రయోగాల ఫలితాలను ఎలా అర్థం చేసుకోవాలన్నదాని మీద పండితులు ఈనాటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నాకు మాత్రం అందులో వెలుతురు సంగతి కన్నా ముఖాముఖి మాటల సంగతే ఎక్కువ విలువైనదనిపిస్తుంది. అక్కడ ఇరవై వేల మందికి పైగా కార్మికులతో మాట్లాడారు. మొదట చేతిలో ప్రశ్నల పట్టిక పెట్టుకుని అడిగేవారు. కార్మికుల మనసులో ఉన్నది ఆ ప్రశ్నల్లో లేదని తెలిశాక పట్టిక పక్కన పెట్టి, వాళ్లు ఏది చెబితే అది వినడం మొదలుపెట్టారు. వినడానికి కూడా ఒక పద్ధతి ఉంటుందనీ, ఆ పద్ధతి నేర్చుకుంటేనే వస్తుందనీ ఆ మార్పు చెబుతుంది.

ఉద్యోగానికి మనిషిని ఎంపిక చేసేటప్పుడు మాత్రం దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ పట్టిక పక్కన పెట్టామా, మోసపోయినట్టే. మనకు నచ్చిన మనిషి పనికొచ్చే మనిషిగా కనిపించడం అందరికీ ఉన్న బలహీనత. మనుషులంటే ఇష్టమున్న వాళ్లకు అది ఇంకాస్త ఎక్కువ. ఎంపిక పద్ధతుల మీద ఎనభై ఐదేళ్లలో వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 2022లో సాకెట్ అనే మరో పరిశోధకుడి బృందం ఆ లెక్కలను తిరగతోడి కొన్నిటిని సరిదిద్దింది. రెండు లెక్కల్లోనూ ముందే నిర్ణయించిన ప్రశ్నలతో చేసిన ఇంటర్వ్యూ, తోచినట్టు మాట్లాడుకునే ఇంటర్వ్యూ కన్నా మెరుగైనదిగానే నిలిచింది. నీ జట్టులోకి ఈసారి ఎవరినైనా తీసుకునేటప్పుడు దీన్ని చేసి చూడు. వచ్చిన వారందరినీ అవే ప్రశ్నలు, అదే వరుసలో అడగండి. ఏ జవాబుకు ఎన్ని మార్కులో ముందే రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూ చేసిన ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వారు వేసి కాగితం బోర్లించండి. ఆ తర్వాతే చర్చించండి. పెద్ద ఉద్యోగి ముందుగా ‘ఈ అబ్బాయి బాగున్నాడు’ అన్నాక మిగిలిన ఇద్దరి మార్కులు ఎలా మారిపోతాయో నేను కళ్లారా చూశాను.

లెక్కలంటే నీకు చిన్నప్పటి నుంచి భయం లేదు కనుక, ఈ చదువులో అంకెలు వచ్చే చోట పేజీలు తిప్పేయవద్దని మాత్రం చెబుతాను. రెండు వందల మంది పనిచేసే చోట ఏడాదిలో ముప్పై మంది మానేశారనుకో. పదిహేను శాతమని నివేదికలో రాసి సంతకం పెట్టేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ ముప్పై మందిలో పద్దెనిమిది మంది చేరిన ఆరు నెలల్లోపే వెళ్లిపోయారని తెలిస్తే తప్పు ఎంపికలోనో, కొత్తవారికి పని నేర్పడంలోనో ఉందని అర్థం. అదే పద్దెనిమిది మందీ ఒకే అధికారి కింద పనిచేసిన వారైతే కథ వేరు. పదేళ్లు దాటిన వారైతే ఇంకా వేరు. జీతాల విషయమూ అంతే. సమాన విలువ గల పనికి స్త్రీ పురుషులకు సమాన వేతనం ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో నూరో ఒప్పందం చేసింది. అందులో బరువంతా ‘విలువ’ అన్న మాట మీదే ఉంది. రెండు వేర్వేరు పనుల విలువ ఒకటేనని తేల్చాలంటే నైపుణ్యం, శ్రమ, బాధ్యత, పని పరిస్థితులు విడివిడిగా తూచి చూడాలి. అలా తూచడం చేతగాని మనిషి ఎంత న్యాయబుద్ధి కలవాడైనా, జీతాల సమావేశంలో గట్టిగా మాట్లాడేవాడి ముందు నిలబడలేడు.

కోర్సు ఏదైనా ఫరవాలేదు కానీ, అందులో నువ్వు పనిచేసే దేశపు కార్మిక చట్టాలు, వేతన నిర్ణయం, గణాంకాలు ఉన్నాయో లేదో పాఠ్య ప్రణాళికలో చూసి మరీ చేరు. ఉద్యోగం మానవద్దు. పగలు ఆఫీసులో పదకొండు మందితో పనిచేసి సాయంత్రం పుస్తకం తెరిచేవాడికి ప్రతి అధ్యాయంలోనూ ఒక తెలిసిన ముఖం కనిపిస్తుంది. శిక్షణ ఫలించిందో లేదో తేల్చడానికి 1959లో కిర్క్‌పాట్రిక్ అనే అమెరికా ఆచార్యుడు చెప్పిన నాలుగు అంచెలు నువ్వూ చదువుతావు: శిక్షణ నచ్చిందా, విషయం వంటబట్టిందా, పని చేసే తీరు మారిందా, దానివల్ల సంస్థకు ఏమైనా ఒనగూరిందా. వాటితో ముందు నీ కోర్సునే కొలుచుకో. చాలా మంది పట్టా చేతికి రాగానే రెండో అంచె దగ్గరే ఆగిపోతారు. నీకు పదోన్నతి తెచ్చేది మూడో అంచె. నిన్ను పై అధికారులు గమనించేది అక్కడే.

ఇంకొక సంగతి, పుస్తకాల్లో అంతగా ఉండనిది, నీకు చెప్పకుండా ఉండలేను. ఈ పనిలోకి వచ్చాక నీ తోటివాళ్లు నీ ముందు కొన్ని మాటలు మాట్లాడటం మానేస్తారు. యాజమాన్యం నిన్ను కార్మికుల మనిషివంటుంది, కార్మికులు నిన్ను యాజమాన్యం మనిషివంటారు. నీకు తొమ్మిదేళ్లప్పుడు మా కర్మాగారంలో ఒక విభాగం మూసేశారు. తీసివేయవలసిన వారి జాబితాను టైపు చేసింది నేనే. అందులో నాతో పాటు ఒకే రోజు ఉద్యోగంలో చేరిన నా స్నేహితురాలి పేరు ఉంది. నోటీసులిచ్చే వరకు నాలుగు రోజులు ఆమె పక్కనే కూర్చుని భోజనం చేశాను. ఒక్క మాట కూడా చెప్పకూడదు, చెప్పలేదు. ‘ఎందుకమ్మా అన్నం తినకుండా కెలుకుతున్నావు?’ అని రాత్రి నువ్వు అడిగితే తలనొప్పన్నాను. ఆ నాలుగు రోజుల్లో నేను చేయగలిగిన పని ఒకటే ఉంది, అది చేశాను. జాబితాలోని ప్రతి ఒక్కరికీ రావలసిన బకాయిలు, సెలవుల డబ్బు, గ్రాట్యుటీ పైసాతో సహా లెక్క కట్టి, వేరే గుమాస్తా చేత రెండోసారి సరిచూపించి, నోటీసుతో పాటే చెక్కు అందేలా చూశాను. నా స్నేహితురాలు చాలా కాలం నాతో మాట్లాడలేదు. మాట్లాడిన రోజున ముందుగా ఆ చెక్కు సంగతే ఎత్తింది.

అందుకే ఆ మొదటి వాక్యం కొట్టివేసి మళ్లీ రాయమంటున్నాను. దాని బదులు పోయిన నెల నువ్వు ఫోన్లో చెప్పిన ఆ అమ్మాయి సంగతి రాయి. ఏడాది పొడవునా బాగా పనిచేసినా, ఆమె పనితీరు మీద నువ్వు రాయవలసిన అప్రైజల్ కాగితం నీ బల్ల మీద ఏడు వారాలు ఉండిపోయినందువల్ల ఇంక్రిమెంట్ జాబితాలో పేరెక్కక, ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన అమ్మాయి. ఆ కాగితం ఎందుకు ఆగింది, ఎవరు గుర్తు చేయవలసింది, గడువు ఎక్కడ రాసి ఉండవలసింది, ఇప్పుడు నీ జట్టులో ఏం మార్చావు, ఇంకా ఏం మార్చడం నీకు తెలియడం లేదు అన్నవి దాచకుండా రాయి. దరఖాస్తుకు ఇంకా పన్నెండు రోజుల గడువుంది కదా. ఆదివారం లోపు రాసి పంపితే చదివి, ఎక్కడెక్కడ సరిచేయాలో ఎర్ర సిరాతో గుర్తుపెట్టి తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
అమ్మ