గండికోట ఫొటో సరిచేసిన అన్నకు

మన కడప జిల్లా గండికోట అంటూ నేను వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఫొటో అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌ది! అందరి ముందూ పరువు తీయకుండా నాకొక్కడికే మెసేజ్ పెట్టి చెప్పారు, పేరు తెలియని ఆ అన్న. మొదట మండింది, అబద్ధమెందుకు. దారి కూడా ఆయనే చెప్పారు. జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు, కోటలో జామియా మసీదు దాటి బండల మీదికి వెళ్తే కింద పెన్నా లోయ. "అంచుకు పోవద్దు, ఖాళీ సీసాలు అక్కడ పారేయొద్దు" అన్నారు.

ఆదివారం వెళ్లాం. ఎర్రబండల సందుల్లో ఎవరో పడేసిన చిప్స్ కవర్లు ఏరి మా పాప తన స్కూల్ బ్యాగులో కుక్కింది. ఈసారి ఫొటో నేనే తీశాను. కాస్త వంకరగా వచ్చింది, అయినా మన పెన్నానే. చాలా థ్యాంక్స్ అన్నా.