సుడులు శకునానికి కాదు, రసీదులో రాయడానికి

సంపాదకులకు,

నాందేడ్ జిల్లా లోహా తాలూకా మాళేగావ్‌లో మార్గశిరం చివర్లో ఖండోబా జాతర మొదలవుతుంది. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ మనవాళ్లు అక్కడ గుర్రం కొనేటప్పుడు ముందుగా వెతికేది సుడులే, అంటే ఒంటి మీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోట్లే. ఏది కలిసొస్తుంది, ఏది అరిష్టం అని దళారితో గంటసేపు వాదిస్తారు. తీరా రసీదు రాసేటప్పుడు ఆ సుడుల ఊసే ఉండదు, ‘తెల్ల గుర్రం ఒకటి’ అని రాసి ఊరుకుంటారు. రేపెవరైనా వచ్చి ఆ గుర్రం తమదంటే కొన్నవాడి చేతిలో ఆధారం ఏముంది?

పుట్టుకతో వచ్చిన సుడి చచ్చేదాకా మారదు. నుదుటి సుడి కళ్ల వరసకు పైన ఉందా, కింద ఉందా, ఒకటా, రెండా, మెడకు ఏ పక్క ఎన్ని ఉన్నాయి, ఏ కాలికి ఎంతవరకు తెలుపు ఉంది, ఇవన్నీ రసీదులో రాయించాలి. రంగొక్కటే రాస్తే చాలదు. సబ్జా అనే రంగు గుర్రప్పిల్ల ముదురు రంగులో పుట్టి ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడుతుంది. దాన్నే నుక్రా (పుట్టుకతోనే తెల్లనిది) అని బరాత్‌ల (పెళ్లి ఊరేగింపుల) వాళ్లకు అంటగడతారు. మూతి చుట్టూ, తోక కింద తడిగుడ్డతో తుడిచి చూడండి. నుక్రాకు చర్మం గులాబీ రంగులో ఉంటుంది, సబ్జాకు నల్లగా ఉంటుంది. అమెరికాలో క్వార్టర్ హార్స్ అనే జాతి గుర్రం చేతులు మారితే గుర్తులు రాసిన రిజిస్ట్రేషన్ పత్రంతో పాటు అమ్మినవాడు సంతకం చేసిన బదిలీ పత్రం కూడా ఆ జాతి సంఘానికి పంపాలి. 1940 నుంచి ఉన్న సంఘం అది. మనకు అంత లేకపోయినా గుర్రం బొమ్మ గీసిన ఒక కాగితం అచ్చువేయించలేమా?

వయసు మాట నోటితో చెబితే నమ్మొద్దు, నోరు తెరిపించి చూడాలి. ముందుపళ్లలో నడిమి జత రెండున్నరేళ్లకు, దాని పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు మారతాయి. ఐదేళ్లకు నోరు నిండుతుంది. కింది పళ్ల మీది గుంటలు అదే వరసలో ఆరు, ఏడు, ఎనిమిదేళ్లకు అరిగిపోతాయి. ముసలి గుర్రానికి పన్ను చెక్కి, కాల్చి దొంగ గుంట పెట్టేవాళ్లున్నారు. అసలు గుంట చుట్టూ తెల్లటి ఎనామిల్ అంచు ఉంటుంది, దొంగ గుంటకు ఉండదు. పైదవడ చివరి ముందుపన్ను కూడా చూడండి. దాని మీద నిలువు గాడి పదేళ్లప్పుడు చిగురు దగ్గర మొదలై, పదిహేనుకు సగానికి, ఇరవైకి కింది అంచుకు దిగుతుంది.

మీరు వెళ్లేసరికే తిప్పి ఒళ్లు వేడెక్కించిన గుర్రాన్ని అప్పటికప్పుడు కొనకండి, ఒళ్లు వేడెక్కితే కుంటు బయటపడకపోవచ్చు. కట్టేసిన చోటు నుంచే బయటికి రప్పించి, తాడు వదులుగా పట్టించి, గట్టినేల మీద దుల్కీ (నెమ్మది పరుగు) నడిపించాలి. కుంటి ముందుకాలు నేల తాకగానే తల పైకి లేస్తుంది, మంచికాలు తాకితే కిందికి వంగుతుంది. మెడ గాడిలో సూది గుర్తు కనిపిస్తే నొప్పి మందు ఎక్కించి ఉండొచ్చు. బయానా (అడ్వాన్సు) మాత్రం ఇచ్చి రెండు రోజులాగి మళ్లీ నడిపించండి. గిట్ట మీది గీతలు మడమ వైపు ఒకదానికొకటి దూరమవుతుంటే పాత గిట్టవాపు ఉన్నట్టే.

అన్నిటికంటే భయపడాల్సింది గ్లాండర్స్ అనే అంటురోగానికి. ముక్కు నుంచి పసుపు పచ్చని జిగట చీమిడి, ముక్కు లోపల పుండ్లు, కాళ్ల మీద తాడులా ఉబ్బిన గడ్డలు దీని లక్షణాలు. కొన్ని గుర్రాల్లో ఇవేవీ పైకి కనిపించవు. మనుషులకూ సోకుతుంది, టీకా లేదు. పాజిటివ్ తేలితే ప్రభుత్వ వైద్యులు దాన్ని చంపించాల్సిందే. హర్యానాలో హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ పరీక్ష చేస్తుంది. జాతరలో రక్తం తీస్తే ఫలితం వచ్చేసరికి ఆ గుర్రం ఏ ఊరి పాకలో ఉంటుందో ఎవరికి తెలుసు?

కొన్నాక పాత యజమాని దగ్గర నాలుగైదు రోజుల దాణా అడిగి తెచ్చుకోండి. తెచ్చిన రోజే ఉలవ గుగ్గిళ్లు దండిగా పెడితే కడుపునొప్పితో పడిపోతుంది. వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చాలి.

పశుసంవర్ధక శాఖ జాతరకు నెల ముందే ఊళ్లలో రక్త నమూనాలు తీయించాలి, ఫలితం కాగితం ఉన్న గుర్రాన్నే మైదానంలోకి రానివ్వాలి. రసీదు పుస్తకంలో సుడులు గుర్తించే బొమ్మను ఈ ఏడాదే చేర్చాలని జాతర నిర్వాహకులను కోరుతున్నాం.

ఇట్లు,
గుర్రాల పోషకులు,
దెగ్లూర్, నాందేడ్ జిల్లా