లోన్ తీరినా తీరని హైపోథికేషన్: తప్పు ఎన్‌వోసీపై ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: ఎన్‌వోసీ (బాకీ లేదన్న పత్రం), ఫారం 35 (ఆర్‌సీ మీది అప్పు నమోదు తీసేయమనే ఫారం)లో ఛాసిస్ నంబరు తప్పు – ఓనర్‌షిప్ ట్రాన్స్‌ఫర్ ఆగిపోవడం.

అయ్యా,

మీ కంపెనీలో తీసుకున్న కారు లోన్ మొన్న మార్చిలో పూర్తిగా కట్టేశాను. ఆ తర్వాతే కారును మా ఊరాయనకు అమ్మాను. పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆర్‌సీ మీదున్న మీ హైపోథికేషన్, అంటే బండి మీద మీ అప్పు ఉందన్న నమోదు, పోతే బండి ఆయన పేరు మీదికి మారుతుంది.

అదే పోవట్లేదు. మీరిచ్చిన కాగితాల్లో ఛాసిస్ నంబరులో సున్నా ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరం 'ఓ' కొట్టారు. ఆర్టీఏ ఆఫీసులో క్లర్కు ఆర్‌సీని పక్కన పెట్టుకుని, ఒక్కో అంకె మీదా పెన్ను ఆనించి చూసుకుంటూ వచ్చి, అక్కడ ఆగి, ఎర్ర ఇంకుతో చుట్టేసి వెనక్కిచ్చాడు. ఆయన్ని ఏమనగలం? 17 స్థానాల ఛాసిస్ నంబర్లలో ఐ, ఓ, క్యూ అక్షరాలే వాడరు, అంకెలతో కలగాపులగం అవుతాయని. బండ్ల మీద అప్పులిచ్చే మీకు ఇది నేను చెప్పాల్సి రావడం విడ్డూరం.

బ్రాంచిలో అడిగితే హెడ్డాఫీసుకు మెయిల్ పెట్టమన్నారు. పెడితే 'మీ రిక్వెస్ట్ క్లోజ్ అయింది' అని మెసేజ్ వచ్చింది. కిస్తీ ఒక్కరోజు ఆలస్యమైతే పొద్దున్నే ఫోన్ చేసేవాళ్లు, ఇప్పుడు ఎత్తరు.

బండి నడిపేది కొన్నాయన, చలాన్ల మెసేజ్‌లు నా ఫోన్‌కి. పేరు మారేదాకా మిగతా డబ్బు ఇవ్వనంటున్నాడు, అదీ న్యాయమే. నా అసలు టెన్షన్ వేరే. రేపు యాక్సిడెంట్ జరిగితే రికార్డుల్లో పేరున్నవాడే ఓనరని, పరిహారం బాధ్యత అతనిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

అప్పు తీరిన 30 రోజుల్లో పత్రాలిచ్చి, రిజిస్టరైన చార్జీని (ఆస్తి మీద అప్పు హక్కును) తొలగించాలని, మీ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారమివ్వాలని 2023 సెప్టెంబరులో ఆర్‌బీఐ ఆదేశించింది. ఆ గడువు ఎప్పుడో దాటింది.

సరిచేసిన ఎన్‌వోసీ, సీలు, సంతకంతో ఫారం 35 వారంలోగా పంపండి, ఆలస్యానికి పరిహారం లెక్కకట్టి చెల్లించండి. 30 రోజుల్లో మీ నుంచి సరైన జవాబు రాకపోతే ఖాతాదారుల ఫిర్యాదులు చూసే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తాను. ఆర్‌సీ, లోన్ క్లోజర్ లెటర్, ఎర్రగా చుట్టిన మీ ఎన్‌వోసీ నకళ్లు జతచేశాను.

ఇట్లు,
మీ ఖాతాదారు