ఎకరం పాలీహౌస్ ఒక్కరికి కాదు, పది గుంటల నెట్‌హౌస్ నలుగురికి ఇయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది నల్గొండ జిల్లా చండూరు మండలం. మీ జిల్లా పేజీలో అప్పుడప్పుడు పాలీహౌస్, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన పందిరి కింద పంట పెట్టే రైతుల మీద వార్తలు వస్తుంటయి, ఎకరంలో ఇన్ని లక్షలు తీసిండు, ఉద్యోగం ఇడిసిపెట్టి వచ్చి క్యాప్సికం పెట్టిండు అని ఫొటోతో సహా వేస్తరు. చదువుతుంటే సంతోషమే అనిపిస్తది, ఎందుకంటే రైతు ఫొటో పేపర్లో పడ్డదంటే ఉరేసుకున్నడనో మందు తాగిండనో అనుకునే రోజులు మేం చూసినం. కానీ ఆ వార్త చదివి మా ఊరి పిల్లలు "మనం గూడ పెడదామా కాకా" అని అడిగితే చెప్పాల్సిన లెక్కలు అందులో ఉండవు, ఎంత వచ్చిందో ఉంటది కానీ ఎంత పెట్టిండు, ఎవరి దగ్గర తెచ్చి పెట్టిండు, నాలుగేండ్ల తర్వాత ఆ షీటు ఏమైంది అనేది ఉండదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్న, కొంచెం పొడుగైతది, ఏమనుకోవద్దు.

ముందు ఖర్చు సంగతి. కేంద్రం ఉద్యాన మిషన్ కింద ఇన్నేండ్లు నడిచిన లెక్క ప్రకారం మామూలు పాలీహౌస్, అంటే ఫ్యాన్లు గీన్లు లేకుండా పక్కల నుంచి పైనుంచి గాలి ఆడేటిది, పెద్ద సైజుకు చదరపు మీటరుకు 844 రూపాయలు, ఒక రైతుకు 4000 చదరపు మీటర్ల దాకా, అంటే దగ్గర దగ్గర ఎకరం. లెక్క కడితే 33 లక్షల 76 వేలు. అందులో సగం సబ్సిడీ, మిగతా సగం రైతే పెట్టుకోవాలె. తెలంగాణ వచ్చినంక 2014 నుంచి రాష్ట్ర సర్కారు దాన్ని 75 శాతం చేసింది, తర్వాత ఎస్సీ ఎస్టీ రైతులకు 95 శాతం దాకా ఇచ్చింది, అది మంచి నిర్ణయమే, కాదనను. కానీ 75 శాతం పోయినా రైతు వాటా ఎనిమిది లక్షలు దాటుతది, దాని మీద నారు, ఎరువులు, కూలీలు వేరే. మన రాష్ట్రంలో సగటు కమతం రెండున్నర ఎకరాలు, అందులో ఒక ఎకరం మొత్తం ప్లాస్టిక్ కింద పెట్టి ఎనిమిది లక్షలు చేతిలో పట్టుకోని నిలబడే రైతు మా మండలంలో ఎందరున్నరు? ఉన్నోళ్లే పెట్టుకున్నరు, హైదరాబాద్ చుట్టూ భూములున్న వ్యాపారులు, ఉద్యోగస్తులు పెట్టుకున్నరు, వాళ్లను తప్పు పట్టట్లేదు, స్కీమే వాళ్ల సైజుకు కుట్టిన అంగీ లెక్క ఉన్నది.

ఇంక రెండోది ఎండ. ఇది పెద్దగా ఎవరూ మాట్లాడరు. గ్రీన్‌హౌస్ అనేది చలి దేశాలోళ్లు వేడి లోపల ఆపుకోనీకి కట్టుకున్నది, మన దేశంలో గూడ బెంగళూరు పుణె దిక్కు వాతావరణం చల్లగ ఉంటది కాబట్టి అక్కడ జర్బెరా పూలు, క్యాప్సికం బాగ వచ్చినయి. మా నల్గొండలో మే నెలలో 44, 45 డిగ్రీలు కొడుతది, ఆ టైంలో పాలీహౌస్‌లో అడుగు పెడితే బయటికన్నా లోపలనే ఉడుకు ఎక్కువ, పది నిమిషాలు నిలబడితే అంగీ తడిసిపోతది, క్యాప్సికం పూత రాలిపోతది, కాయ పట్టినా ఎండకు ఒక పక్క తెల్లగ మచ్చ పడుతది. రైతులు ఏం చేస్తున్నరంటే షీటు మీద సున్నం నీళ్లు కొట్టి ఎండ తగ్గించుకుంటున్నరు, లోపల నీడ నెట్ కడుతున్నరు, ఫాగర్లు పెట్టి తుంపర కొడుతున్నరు.

ఆ ఫాగర్ల కాడ ఇంకో బాధ. మా బోరు నీళ్ల సంగతి రాష్ట్రమంతా తెలుసు, ఫ్లోరైడ్ అంటే నల్గొండే గుర్తుకొస్తది. తాగనీకి మిషన్ భగీరథతోని కృష్ణా నీళ్లు వచ్చినయి, చాలా మేలైంది, కానీ చేనుకు పెట్టేది ఇప్పటికీ ఆ బోరు నీళ్లే కదా. ఉప్పు ఎక్కువున్న నీళ్లు సన్నటి రంధ్రాల్లోంచి పోతుంటే ఫాగర్ మూతికాడ తెల్లగ పొర కడుతది, డ్రిప్ పైపు రంధ్రాలు ఒక్కోటి మూసుకపోతయి, పైకి చూస్తే అంతా మంచిగనే ఉంటది, వరుసలో నడుమ ఒక పది చెట్లు వాడినప్పుడు గానీ తెలవదు. దానికి యాసిడ్ ట్రీట్‌మెంట్ ఉన్నది, పైపుల చివర్లు ఇప్పి నీళ్లు వదిలి కడగాలె, ఇవన్నీ చెప్పేటోడు ఉంటే చేసుకుంటరు. చెప్పేటోడు ఎక్కడున్నడు? స్ట్రక్చర్ కట్టిన కంపెనీ మనిషి బిల్లు అయ్యేదాకనే ఫోన్ ఎత్తుతడు.

మా పక్కూరిలో ఒక రైతు ధైర్యం చేసి పెట్టిండు, అరెకరం, మొదటి రెండేండ్లు బాగనే నడిచింది, కీర దోస, తర్వాత క్యాప్సికం. ఏప్రిల్‌లో గాలిదుమారం వచ్చి పడమర దిక్కు షీటు లేచింది. దగ్గర పోయి చూస్తే తెలుస్తది, షీటును పట్టి ఉంచేది అల్యూమినియం పట్టీలో కూసోబెట్టే జిగ్‌జాగ్ స్ప్రింగు, వంకర్ల తీగ, ఎండకు అక్కడ షీటు పెళుసుబారి స్ప్రింగు కింద గీతలెక్క తెగుతది, ఒక మూల తెగిందంటే గాలి లోపల దూరి మిగతాదంతా పటపటా కొట్టుకుంట చినిగిపోతది. 200 మైక్రాన్ల షీటు, ఎండకు తట్టుకునేటట్టు యూవీ మందు కలిపినా గూడ మూడు నాలుగేండ్లకన్నా ఎక్కువ రాదు, గాలికి ముందే పోవచ్చు. షీటు మార్చాలంటే మళ్లా లక్షల్లో ఖర్చు, దానికి చేతిలో పైసలు లేవు, అటు మొదటి సబ్సిడీలో ఆఖరి బిల్లే రావాల్సి ఉండె. ఇనుప పైపులు మాత్రం నిలబడి ఉన్నయి, ఇప్పుడు వాటి కింద జొన్న చల్లిండు. ఆయన కష్టంలో లోపం లేదు, పొద్దున ఆరు గంటలకు లోపల ఉండేటోడు.

నులిపురుగుల సంగతి గూడ ఒక మాట. ఒకటే జాగాలో ఏండ్లకేండ్లు అదే జాతి పంట పెడితే వేర్లకు బుడుపులు వస్తయి, బయట చేనైతే ఎండాకాలం దుక్కి దున్ని ఎండబెడతం, వేరే పంట మార్చుతం, లోపల ఆ సౌలతి తక్కువ. వేప పిండి, బంతి, మట్టిని ప్లాస్టిక్ కప్పి ఎండబెట్టడం, ఇట్లాంటివి ఉన్నయి, ముందుగాల తెలిస్తే పని చేస్తయి.

ఇంత చెప్పి పాలీహౌస్ వద్దంటున్న అనుకోకండి. నేను చెప్పేది పూర్తిగ వేరే. మా ప్రాంతానికి రక్షిత సాగు, అంటే ఇట్ల కప్పు కింద సాగు కావాలె, మిగతా జిల్లాలకన్నా మాకే ఎక్కువ కావాలె. ఎందుకంటే మాకు నీళ్లు లేవు. ఎకరం వరికి పంటకాలం మొత్తం 1200 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండ నీళ్లు పారించాలె, అంటే దగ్గర దగ్గర 50 లక్షల లీటర్లు. అదే పది గుంటల నెట్‌హౌస్‌లో, అంటే నీడ నెట్ కప్పిన పందిరి కింద, డ్రిప్ మీద కూరగాయ పెడితే రోజుకు మూడు నాలుగు వేల లీటర్లు సరిపోతయి, ఇంచు నీళ్లు పోసే బోరు గూడ ఆ పని ముగిస్తది. శ్రీశైలం నీళ్లు మా దిక్కు తెచ్చే ఎస్ఎల్‌బీసీ సొరంగం ఎప్పుడు పూర్తయితదో, 2025 ఫిబ్రవరిలో కూలినంక ఆ ఆశ గూడ ఎనకకు పోయింది, అటు పాలమూరు ఎత్తిపోతల నీళ్ల కోసం మహబూబ్‌నగర్ రైతులు ఎదురు చూస్తనే ఉన్నరు. కాలువ వచ్చేదాక కడుపు ఆగదు కదా, ఉన్న ఇంచు నీళ్లతోనే బతకాలె.

మా ఎండకు సరిపోయేది మొత్తం ప్లాస్టిక్ కప్పిన పాలీహౌస్ కన్నా షేడ్ నెట్, పక్కలకు పురుగు రాకుండ సన్న నెట్. గాలి ఆడుతది, ఉడుకు లోపల నిలవదు, ఎండ సగం తగ్గుతది. టమాటాకు ఎండాకాలంలో పూత నిలవకనే కదా జూన్ జూలైలో రేటు ఆకాశానికి పోయేది, 2023 జూలైలో కిలో వంద దాటి ఎక్కడికో పోయింది, అప్పుడు మా దగ్గర అమ్మనీకి టమాటా లేదు. 40 మెష్ నెట్, అంటే అంగుళానికి 40 రంధ్రాలుండే సన్న నెట్ కడితే తెల్లదోమ చాలావరకు ఆగుతది, దోమ ఆగితే ఆకుముడత వైరస్ తగ్గుతది, మందుల ఖర్చు తగ్గుతది. తామర పురుగు ఇంకా సన్నది, మిర్చిని రెండేండ్లు ఎట్ల తిన్నదో అందరం చూసినం, దాన్ని పూర్తిగ ఆపుతదని నేను చెప్పను.

పైగా నెట్‌హౌస్‌కు ఇనుప పైపులే కావాలని లేదు. మా దిక్కు బీర, కాకర పందిళ్లకు రాతి కడీలు పాతుడు ఎప్పటినుంచో ఉన్నదే, ఆ కడీల మీద జీఐ వైరు లాగి నెట్ పరిస్తే ఖర్చు చాలా తగ్గుతది, కడీ తుప్పు పట్టదు, గాలికి వంగదు. మా వదిన వాళ్ల మహిళా సంఘంలో నలుగురు కలిసి ఇట్లనే రెండు గుంటల్లో నెట్ వేసి నారు పెంచుతున్నరు. 98 గుంతల ప్లాస్టిక్ ట్రేలు, కొబ్బరి పొట్టు తడిపి నింపి, వేలితో చిన్న గుంత చేసి ఒక్కో గింజ వేసి, పది ట్రేలు ఒకదాని మీద ఒకటి పెట్టి గోనెసంచి కప్పుతరు, మొలక రాంగనే తీసి పరుస్తరు. టమాటా నారు ఇరవై ఐదు రోజులకు, మిర్చి నెల దాటి వారం పదిరోజులకు తయారు. ట్రే కిందినుంచి వేలితో పొడిస్తే వేర్లతో సహా ముద్ద లెక్క ఊడి వస్తది, చేన్లో నాటితే వాడదు. హైబ్రిడ్ విత్తనం రేటు తెలిసినోళ్లకు ఆ ఒక్కో గింజ విలువ ఏందో తెలుస్తది. ఇంతకుముందు నారు కోసం బండ్లు పెట్టుకోని దూరం పోయేటోళ్లు ఇప్పుడు వాళ్ల దగ్గరకు వచ్చి ముందే ఆర్డర్ చెప్పి పోతున్నరు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం గంట పని, నీడ పట్టున. మా వదినకు మోకాళ్ల నొప్పులు, నాట్లకు పోలేకపోతుండె, ఇప్పుడు ఆమె సంపాదన ఆమెకున్నది, ఇంట్ల మాట చెల్లుతది.

చిన్నది పనికి రాదు అనేటోళ్లకు ఇంకో సంగతి చెప్పాలె. మన హైదరాబాద్ నుంచి పనిచేసే ఖేతి అనే సంస్థ చిన్న రైతుల కోసమే తక్కువ ఖర్చు చిన్న గ్రీన్‌హౌస్ తయారు చేసింది, దాంతో పాటు సాగు ఎట్ల చెయ్యాలో నేర్పుడు గూడ పెట్టుకున్నది, 2022లో దానికి బ్రిటన్ యువరాజు విలియం పెట్టిన ఎర్త్‌షాట్ ప్రైజ్ వచ్చింది, పది లక్షల పౌండ్లు. ప్రపంచం గుర్తు పట్టిన ఆలోచన మన హైదరాబాద్ సంస్థదే, మన స్కీములు మాత్రం ఇన్నేండ్లు ఎకరం లెక్కలోనే నడిచినయి.

కాబట్టి ఉద్యాన శాఖ పెద్దలకు మీ పేపర్ ద్వారా నేను అడిగేది ఇది. షేడ్ నెట్‌కు చదరపు మీటరుకు 710 రూపాయల లెక్క నడిచింది, ఆ లెక్కన పది గుంటలకు, అంటే వెయ్యి చదరపు మీటర్లకు ఏడు లక్షలు. దాని మీద సగం కాకుండ 75 శాతం ఇస్తే రైతు వాటా లక్షా డెబ్బై ఎనభై వేలు, రాతి కడీల మోడల్‌ను గూడ ఒప్పుకుంటే ఇంకా తక్కువ, అది ఒక బర్రె ఇద్దరు పిల్లలు ఉన్న ఇల్లు గూడ సంఘం లోను తీసుకోని కట్టుకోగలుగుతది. ఎకరానికి ఇచ్చే పైసలతోని నాలుగు ఇండ్లు నిలబడతయి. మంజూరు చేసే ముందు బోరు నీళ్లు పరీక్ష చెయ్యాలె, ఉప్పు ఎక్కువుంటే ఏ పంట పెట్టాలో ముందే చెప్పాలె. షీటు, నెట్ మార్చేటప్పుడు గూడ ఎంతో కొంత సాయం ఉండాలె, కట్టేటప్పుడు ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకుంటే అది మా పక్కూరి జొన్నచేను అయితది. బిల్లు ఇన్ని రోజుల్లో వస్తదని రాసి ఇయ్యాలె.

శిక్షణ సంగతి గూడ. జీడిమెట్లలో ఉద్యాన శాఖ సెంటర్ ఉన్నది, సిద్దిపేట జిల్లా ములుగులో కొండా లక్ష్మణ్ ఉద్యాన యూనివర్సిటీ ఉన్నది, అక్కడ మంచి సార్లు ఉన్నరు, కానీ మునుగోడు నుంచో, దేవరకొండ తండాల నుంచో ఒక ఆడమనిషి అక్కడిదాక పోయి రెండ్రోజులు ఉండి నేర్చుకోవాలంటే కుదిరే పనేనా? కంపాసాగర్, పాలెం కృషి విజ్ఞాన కేంద్రాల (కేవీకే) వాళ్లు మండలానికి ఒక నెట్‌హౌస్‌ను బడి లెక్క చేసి అక్కడనే నేర్పితే బాగుంటది, చూస్తూ చేస్తూ నేర్చుకున్నది మర్చిపోరు.

పూల మీద ఒక్క మాట చెప్పి ఆపుత. జర్బెరా అనంగనే లాభం అనుకుంటరు, కానీ మూఢాలల్లో, ఆషాఢంలో పెండ్లిళ్లు ఉండవు, గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో అడిగేటోడు ఉండడు, చెట్టు మాత్రం పూస్తనే ఉంటది, కొయ్యకపోతే చెట్టు పాడైతది. 2020 లాక్‌డౌన్‌లో కోసిన పూలను కోసినట్టే గుంతలో పోసిన రైతులున్నరు. చిన్న రైతుకు మొదలు కూరగాయ, ఆకుకూర, నారు, ఇవే మంచివి, అమ్ముడుపోకపోతే ఊర్లోనన్నా అమ్ముకుంటడు. నాలుగు ఊర్లు కలిసి ఒక వ్యాన్ పెట్టుకుంటే బోయిన్‌పల్లి మార్కెట్‌కో రైతు బజార్‌కో తెల్లారేసరికి సరుకు పోతది.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని గూడ ఒకటి అడుగుత. ఈసారి మీ విలేకరి ఏ పాలీహౌస్ రైతు దగ్గరికి పోయినా ఎంత ఆమ్దానీ వచ్చిందని అడిగిన తర్వాత సబ్సిడీ ఎన్ని నెలలకు పడ్డది, షీటు ఎన్నోసారి మార్చిండు, బ్యాంకుకు ఇంకెంత కట్టాలె అని గూడ అడిగి రాయమని చెప్పండి, దాని పక్కనే రెండు గుంటల్లో నారు పెంచే ఆడోళ్ల ఫొటో గూడ ఒకటి వెయ్యండి. వానాకాలం నారు సీజన్ మొదలు కాకముందే వేస్తే మా దిక్కు చాలామందికి పనికొస్తది.

ఇట్లు,
ఒక చిన్న రైతు
చండూరు మండలం, నల్గొండ జిల్లా