మిన్యానో వేరు, కాసినో వేరు

సంపాదకుడు గారికి,

రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో పోరాడిన భారత సైనికుల గురించి ఏ వ్యాసం వచ్చినా, అంతా 1944 నాటి పెద్ద పోరుకు పేరుపడ్డ కాసినో పట్టణం ఖాతాలోనే పడుతోంది. బ్రిటిష్ సాహస పతకం జార్జ్ క్రాస్ పొందిన సుబేదార్ సుబ్రమణ్యన్ ప్రాణాలు విడిచింది కాసినోలో కాదు, అక్కడికి ఆగ్నేయంగా సుమారు 16 కిలోమీటర్ల దూరంలోని మిన్యానో దగ్గర. కాసినో లాత్సియో ప్రాంతంలోది, మిన్యానో కాంపానియాలోని కసెర్తా పరిధిలోది. యుద్ధం తర్వాత ఊరి పేరుకు పక్క కొండ పేరు చేరి ‘మిన్యానో మోంతే లుంగో’ అయింది.

నేపుల్స్ నుంచి రోమ్‌కు పోయే ఆరో నంబరు రహదారి, రైలుమార్గం రెండూ ఇక్కడి ఇరుకు కనుమలోంచే దూరాలి. నైరుతిన కమీనో, మజ్జోరే కొండలు. ఈశాన్యాన 1205 మీటర్ల సమ్ముక్రో. రోడ్డుకూ పట్టాలకూ నడుమ మోంతే లుంగో, ఎత్తు 351 మీటర్లే. 1943 డిసెంబరు 8న, నైరుతి కొండలు చేజిక్కాయన్న ధీమాతో, మిత్రపక్షాల వైపుకు వచ్చిన ఇటాలియన్ దళం పొగమంచు చాటున దాన్ని ఎక్కింది. మంచు విడగానే జర్మన్ మరతుపాకులకు దొరికిపోయింది. ఫిరంగుల అండ పెంచి, పడమటి సగాన్ని అమెరికన్లకు అప్పగించాక గానీ, 16న కొండ లొంగలేదు. పక్కనున్న సాన్ పియెత్రో ఊరిపైకి అంతకు ముందురోజు వెళ్లిన 16 ట్యాంకుల్లో తిరిగొచ్చినవి నాలుగే! ఇదంతా జర్మన్ల రక్షణ వరుసల్లో ఒకటైన బెర్న్‌హార్ట్ రేఖ. కాసినో దాని వెనకాలి మరో వరుస, గుస్తావ్ రేఖ మీదిది. రెంటినీ కలిపేయడం వల్లే ఈ తికమక.

1944 ఫిబ్రవరి 24 నాటికి పోరు కాసినోకు జరిగిపోయింది, మందుపాతరలు మాత్రం మిన్యానో నేలలోనే ఉండిపోయాయి. ఎస్-మైన్ అనే జర్మన్ మందుపాతరను తొక్కితే సుమారు నాలుగు సెకన్లకు మీటరు ఎత్తు ఎగిరి పేలుతుంది, 360 దాకా ఉక్కు గుళ్లు చిమ్ముతుంది. చెక్కపెట్టెలో అమర్చిన షూ-మైన్ అనే మరో రకం మందుపాతర, లోహాన్ని పసిగట్టే డిటెక్టర్‌కు దాదాపు అందదు. బాయినెట్‌ను ఏటవాలుగా గుచ్చి వెతకాలి, నిలువుగా దింపితే మొన పైభాగానికి తగిలి పేలొచ్చు. తోటి సైనికుడు మందుపాతరపై కాలు వేయగానే సుబ్రమణ్యన్ దాని మీద పడి మిగతావారిని కాపాడారు. ఆయన తమిళుడు. తెలుగువాళ్లూ చేరే మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల రెజిమెంటు మనిషి.

చూడాలనుకునేవారికి ఒక మాట. మోంతే లుంగో స్మారకంలో ఉన్నవి ఇటాలియన్ సైనికుల సమాధులు. భారతీయుల సమాధుల కోసం కాసినో యుద్ధ శ్మశానవాటికకు, దహనం చేసిన సైనికుల స్మారకం కోసం ఆడ్రియాటిక్ వైపున్న సాంగ్రో నది వాటికకు వెళ్లాలి.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం